పొద్దున్నే సైలెన్సర్ నుంచి నీళ్లు కారితే ముందు చూడవలసింది రేడియేటర్

(హనుమకొండలో లారీ యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కుల సమావేశంలో ఒక డీజిల్ మెకానిక్ చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో డ్రైవర్ అన్నలు ఉన్నారు. వెనుక పని నేర్చుకుంటున్న తమ్ముళ్లు ఉన్నారు. ఆ పక్కన బండ్ల యజమానులు ఉన్నారు. ముగ్గురికీ పనికివచ్చే విషయం ఒకటి తీసుకున్నాను. చలికాలం పొద్దున పాత బండి స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి తెల్లగా ఆవిరి వస్తుంది, గొట్టం చివర నీళ్లు కారతాయి. ఎందుకు కారతాయి? ఎప్పుడు పట్టించుకోవాలి? ఎప్పుడు వదిలేయాలి? ఈ మూడు ప్రశ్నలే ఇవాళ్టి మాట.

ఇంత చిన్న విషయానికి ఇంతమందిని కూర్చోబెట్టాలా అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. అన్నా, ఒక్కసారి ఆలోచించండి. మన దగ్గర చలి ఎప్పుడు ఉంటుంది? డిసెంబరు, జనవరి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చేది ఎప్పుడు? మిర్చి మొదలయ్యేది ఎప్పుడు? అప్పుడే. బండికి కిరాయి దొరికే రోజుల్లోనే సైలెన్సర్ నుంచి నీళ్లు కనిపిస్తాయి. చూసినవాడు వెంటనే ఏమంటాడు? "హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ దింపాలి" అంటాడు. ఇంజన్ పైన మూతలా ఉండేది హెడ్, దాని కింద నీళ్లు, ఒత్తిడి బయటికి పోకుండా ఆపే పలక గాస్కెట్. యజమాని భయపడతాడు, బండిని షెడ్డులో పెడతాడు. హెడ్ దింపుతారు, అడుగు చదును చేసే ఫేసింగ్‌కు లేత్ దగ్గరికి పంపుతారు, కొత్త గాస్కెట్ వేస్తారు. కిరాయిలు పోతాయి, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. బండి బయటికి వచ్చిన మరుసటి పొద్దున స్టార్ట్ చేస్తే మళ్లీ అవే నీళ్లు! ఎందుకంటే ఆ నీళ్లకు గాస్కెట్‌తో సంబంధమే లేదు. ఒక్క లారీ మీద బతికే కుటుంబానికి ఇది చిన్న దెబ్బ కాదు. అందుకే ఇది చెప్పాలని ఎంతో కాలంగా అనుకుంటున్నాను.

ముందుగా, ఈ నీళ్లు ఎక్కడివి? రేడియేటర్‌వి, అంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు అని చాలామంది అనుకుంటారు. కాదు, మామూలుగా అవి డీజిల్‌లోంచి వచ్చిన నీళ్లు. డీజిల్‌లో నీళ్లు కలిశాయని అనడం లేదు. స్వచ్ఛమైన డీజిల్ కాలినా నీళ్లు పుడతాయి. డీజిల్‌లో కార్బన్, హైడ్రోజన్ ఉంటాయి. కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కాలితే బొగ్గుపులుసు వాయువు అవుతుంది. హైడ్రోజన్ కలిసి కాలితే నీరు అవుతుంది. డీజిల్ బరువులో హైడ్రోజన్ 13 శాతం దాకా ఉంటుంది. ఒక కిలో హైడ్రోజన్ కాలితే 9 కిలోల నీరు పుడుతుంది. లెక్క వేసి చూడండి. ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది.

నమ్మబుద్ధి కావడం లేదు కదా? వరంగల్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 150 కిలోమీటర్లు. లోడు బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చిందనుకుందాం. అక్కడికి చేరేసరికి 37, 38 లీటర్ల డీజిల్ కాలింది. అంటే జనగామ, భువనగిరి దాటి పోతూ పోతూ ఆ బండి దాదాపు అన్ని లీటర్ల నీటినీ గాలిలోకి వదిలింది. మీకు ఒక్క చుక్క కూడా కనిపించలేదు. ఎందుకు కనిపించలేదు? సైలెన్సర్ వేడిగా ఉంది కాబట్టి. నీరంతా ఆవిరి రూపంలోనే బయటికి పోయింది.

ఇప్పుడు పొద్దున ఐదు గంటల సంగతి చూద్దాం. వరంగల్‌లో చలి 12, 13 డిగ్రీలకు దిగే రోజులు ఉంటాయి. ఆదిలాబాద్ వైపు అయితే పది కంటే కిందికీ పోతుంది. రాత్రంతా బయట నిలబడిన బండి. ఆ ఇనుప గొట్టం చేత్తో ముట్టుకుంటే చల్లగా తగులుతుంది. స్టార్ట్ చేశారు, ఖాళీగా స్లోలో తిరుగుతోంది. డీజిల్ ఇంజన్ స్లోలో తిరిగేటప్పుడు కాల్చే డీజిల్ చాలా తక్కువ, పీల్చే గాలి మాత్రం ఎక్కువ. కాబట్టి బయటికి వచ్చే పొగలో పెద్దగా వేడి ఉండదు. ఉన్న కాస్త వేడినీ గొట్టం, సైలెన్సర్ పీల్చేసుకుంటాయి. ఆవిరి చల్లటి ఇనుముకు తగలగానే నీరై లోపలి గోడకు పడుతుంది. అన్నం ఉడికేటప్పుడు మూత లోపలి వైపు చుక్కలు పట్టినట్టే. అవి కలిసి ధార అయి గొట్టం చివర కారతాయి. లోపలి మసిని కడుక్కుంటూ వస్తాయి కాబట్టి నల్లగా ఉంటాయి. బండి వెనుక గోడ ఉంటే దాని మీద నల్లటి తుంపర పడుతుంది. దాన్ని చూసి "ఆయిల్ కొడుతోంది" అనేవాళ్లూ ఉన్నారు. వేలితో రాసి చూడండి. ఆయిల్ అయితే జిడ్డుగా జారుతుంది. ఇది మసి నీరు, ఆరిపోతే పొడిగా రాలుతుంది.

ఇంకొక మాట. ఈ నీళ్లు ఇవాళ పొద్దున పుట్టినవే కావాలని లేదు, నిన్నటివీ ఉంటాయి. గోదాము నుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి కాంటాకు, మళ్లీ గోదాముకు తిరిగే బండి ఉంటుంది చూడండి. అది రోజంతా తిరిగినట్టే ఉంటుంది, కానీ సైలెన్సర్ ఎప్పుడూ బాగా వేడెక్కదు. నీళ్లు లోపలే నిలుస్తాయి. మరుసటి పొద్దున రేస్ చేయగానే ఒక్కసారిగా బయటికి తోసుకొస్తాయి. అదే బండిని లోడుతో ములుగు దాకా తీసుకుపోయి రండి, లోపల అంతా ఎండిపోతుంది. చాలా సైలెన్సర్లకు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. నీళ్లు దిగిపోవడానికే దాన్ని పెట్టారు. నీళ్లు కారుతున్నాయని దానికి వెల్డింగ్ పెట్టించకండి. పెట్టిస్తే సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పట్టి త్వరగా పోతుంది.

బండికి వాటర్ సర్వీసింగ్ చేయించినప్పుడు, ప్రెషర్ గొట్టం సైలెన్సర్ నోట్లోకి కొట్టినప్పుడు కూడా ఇలాగే అవుతుంది. ట్రాక్టర్ ఉన్నవాళ్లకు తెలుసు, నిలువు సైలెన్సర్ మీద రేకు మూత ఎందుకు ఉంటుందో. దీని గురించి ఇంత చాలు.

అయితే తెల్లగా వచ్చేదంతా నీటి ఆవిరేనా? కాదు. ఇక్కడ జాగ్రత్తగా వినండి, తమ్ముళ్లూ. తెల్ల పొగ మూడు రకాలు. మొదటిది ఇప్పుడు చెప్పిన ఆవిరి. గొట్టం నుంచి బయటికి వచ్చిన కాసేపటికే గాలిలో కలిసిపోతుంది, వాసన ఉండదు, కళ్లు మండవు. రెండవది కాలని డీజిల్. అది సన్నటి తుంపరగా వస్తుంది, తెల్లగానే కనిపిస్తుంది, కానీ కలిసిపోదు. షెడ్డులో పైకప్పు కింద మేఘంలా నిలబడుతుంది, కళ్లు మండుతాయి, గొంతులో కారంగా తగులుతుంది. మూడవది రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి పోయి వచ్చే ఆవిరి. ఇది కూడా త్వరగా పోదు. బండి వేడెక్కినా ఆగదు. మామూలు నీళ్లకు బదులు రేడియేటర్‌లో పోసే రంగు ద్రవం, కూలెంట్, పోసిన బండి అయితే తియ్యటి వాసన వస్తుంది.

అయితే మన దగ్గర ఒక చిక్కు ఉంది. చేతులెత్తమంటే సగం మంది కూడా ఎత్తరని తెలుసు, అయినా అడుగుతున్నాను. మీ బండ్లలో కూలెంట్ పోసేవాళ్లు ఎంతమంది? చూశారా! మిగతావాళ్లు ఏం పోస్తున్నారు? బోరు నీళ్లు. బోరు నీళ్లు పోసిన బండిలో తియ్యటి వాసన ఎక్కడి నుంచి వస్తుంది? రంగు ఎక్కడి నుంచి వస్తుంది? రాదు. అంటే పుస్తకంలో రాసిన గుర్తులు సగం మన బండ్లకు పనిచేయవు. వాసన లేదు కాబట్టి లీక్ లేదనుకుంటే మోసపోతాం. ఆవిరి ఉంది కాబట్టి లీక్ ఉందనుకున్నా మోసపోతాం. ఇక మిగిలిన సాక్ష్యం ఒక్కటే, రేడియేటర్‌లో నీటి మట్టం.

నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఇదే. సైలెన్సర్ దగ్గర నీళ్లు చూసి నిర్ణయం తీసుకోకండి, రేడియేటర్ దగ్గర నీళ్ల లెక్క చూసి తీసుకోండి. లోపలి నుంచి నీళ్లు పోతుంటే ఎక్కడో తగ్గాలి కదా? తగ్గకపోతే ఆ నీళ్లు అక్కడివి కావు.

లెక్క ఎలా చూడాలి? బండిని రోజూ ఒకే చోట, సమంగా ఉన్న నేల మీద నిలపండి. పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మూత తీయండి. వేడి మీద ఎవరూ తీయవద్దు. ఒత్తిడిలో ఉన్న నీళ్లు వంద డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఉంటాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. అలా ముఖాలు కాలినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. గుడ్డ అడ్డం పెట్టుకున్నా సరే, వేడి మీద వద్దు.

మూత తీశాక మట్టం ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకోండి. రేడియేటర్‌కు పక్కన వేరే నీళ్ల ట్యాంకు ఉన్న బండి అయితే దాని మీద పెయింట్‌తో గీత పెట్టండి. వారం రోజులు చూడండి. నీళ్లు కలిపితే సీసాతో కొలిచి కలపండి, పుస్తకంలో రాయండి. ఇక్కడ డ్రైవర్ అన్నలకు ఒక విన్నపం. క్లీనర్ పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా ఒక మగ్గు పోసేస్తాడు. అది అతని శ్రద్ధే, కాదనను. కానీ ఎన్ని నీళ్లు పోశాడో యజమానికి తెలియదు, మెకానిక్‌కు తెలియదు. "నీళ్లు తగ్గడం లేదు" అని యజమాని అంటాడు. రోజూ లీటరు పోస్తుంటే తగ్గినట్టు ఎలా కనిపిస్తుంది? పోసిన ప్రతి మగ్గూ రాయమనండి.

ఇందులో మరో మెలిక ఉంది. వేరే ట్యాంకు లేని పాత రేడియేటర్‌ను మెడ దాకా నింపితే ఏమవుతుంది? నీళ్లు వేడెక్కి వ్యాకోచిస్తాయి, ఎక్కువైనవి పక్క గొట్టం నుంచి బయటికి పోతాయి. మరుసటి పొద్దున మట్టం కాస్త దిగి ఉంటుంది. అది లీక్ కాదు. అక్కడే ఆగిపోతే బండి తన మట్టాన్ని తానే చూసుకున్నట్టు. మళ్లీ మెడ దాకా నింపకండి. నింపితే మళ్లీ పోతుంది, మీరు మళ్లీ భయపడతారు.

సరే, వారం చూశారు, మట్టం నిజంగానే తగ్గుతోంది. అప్పుడైనా హెడ్ దింపాలా? ఇంకా కాదు, అన్నా! నీళ్లు పోయే దారులు బయట చాలా ఉన్నాయి. ముందు మూత చూడండి. దాని రబ్బరు ఎండిపోయి ఉంటుంది, స్ప్రింగ్ మెత్తబడి ఉంటుంది. మూత ఒత్తిడిని పట్టి ఉంచకపోతే నీళ్లు తొందరగా మరిగి ఆవిరై పోతాయి. చవకైన వస్తువు, కానీ దాని మూలంగా హెడ్ దింపిన బండ్లు ఉన్నాయి. తరువాత వాటర్ పంపు. దాని కింద చిన్న కన్నం ఉంటుంది, లోపలి సీల్ పోతే అక్కడి నుంచి చుక్క కారుతుంది. కొన్ని పంపులు చల్లగా ఉన్నప్పుడే కారతాయి, వేడెక్కాక ఆగిపోతాయి, తెల్లటి మరక మాత్రం మిగులుతుంది. టార్చి వేసి ఆ మరక కోసం వెతకండి. హోసుల క్లిప్పులు చూడండి. రేడియేటర్ కింది ట్యాంకు అంచులు చూడండి. ఇవన్నీ పొడిగా ఉన్నాయని తేలాకనే లోపలికి పోవాలి.

లోపలికి పోతున్నాయేమో చూడడానికి పాతకాలపు పరీక్ష ఒకటి ఉంది. ఖర్చు లేనిది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ నింపండి. ఫ్యాన్ బెల్టు తీసేయండి, పంపు తిరిగి నీళ్లను కలియబెట్టకుండా ఉండాలి. మూత తీసే ఉంచి స్టార్ట్ చేయండి. మెడలోకి చూడండి. మొదట్లో ఇరుక్కున్న గాలి కాస్త బుడగలుగా వస్తుంది, దాన్ని వదిలేయండి. తరువాత కూడా ఆగకుండా, రేస్ చేసిన కొద్దీ ఎక్కువగా బుడగలు వస్తుంటే సిలిండర్‌లోని ఒత్తిడి నీళ్లలోకి దూరుతోందని అర్థం. ఒకటి రెండు నిమిషాలకు మించి నడపకండి, పంపు తిరగడం లేదు, ఇంజన్ వేడెక్కిపోతుంది.

బుడగలు వచ్చాయి. ఇప్పుడు ఖాయమేనా? లారీ విషయంలో ఇంకా ఖాయం కాదు. కారుకు లేనిది లారీకి ఏముంది? చెప్పండి. ఎయిర్ బ్రేకు! బ్రేకుకు గాలి ఇచ్చే కంప్రెసర్ ఉంది. చాలా బండ్లలో ఆ కంప్రెసర్ హెడ్ చుట్టూ కూడా ఇంజన్ నీళ్లే తిరుగుతాయి. దాని గాస్కెట్ పోతే కంప్రెసర్ గాలి రేడియేటర్‌లోకి వస్తుంది. బుడగలు అచ్చం అలాగే ఉంటాయి. ఇంజన్ హెడ్ దింపి, గాస్కెట్ మార్చి, బిగించి, మళ్లీ బుడగలు చూసి తల పట్టుకున్న మేస్త్రీలు ఉన్నారు. తేడా ఎలా తెలుస్తుంది? ఎయిర్ ట్యాంకులు నిండేదాకా ఆగండి. మీటరులో గాలి నిండి, కంప్రెసర్ 'టుస్సు'మని వదిలి ఖాళీగా తిరగడం మొదలుపెట్టాక మళ్లీ చూడండి. అప్పుడు బుడగలు తగ్గితే తప్పు కంప్రెసర్‌ది. అలాగే వస్తుంటే ఇంజన్‌ది. ఈ తేడా పట్టుకోవాలంటే ముందే ట్యాంకుల్లో గాలి నింపి పెట్టుకుని, తరువాత బెల్టు తీయాలి. కొన్ని ఇంజన్లలో కంప్రెసర్ కూడా బెల్టుతోనే తిరుగుతుంది, అక్కడ ఇంకా సులువు. ఆ బెల్టు తీస్తే బుడగలు ఆగుతాయా లేదా చూస్తే చాలు.

ఎయిర్ ట్యాంకుల కింద కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి కదా, అవి గాలిలోని తేమ, రోజూ వదలవలసిందే. కానీ మామూలు కంటే ఎక్కువ వస్తుంటే, అందులో కూలెంట్ రంగు కనిపిస్తుంటే, అదే కంప్రెసర్‌ను అనుమానించండి. బ్రేకు వ్యవహారం, వాయిదా వేయకండి.

ఇక ఆయిల్. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే, లేదా ఆయిల్ మట్టం పోయకుండానే పెరిగితే, బండి అక్కడే ఆపేయాలి. బేరింగులకు నీళ్లు కలిసిన ఆయిల్ విషం. ఆయిల్ పోసే మూత కింద తెల్లటి నురగ మాత్రమే కనిపించి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే అంత భయం లేదు. చలికాలం, తక్కువ దూరాలు తిరిగే బండికి అక్కడ తేమ పడుతుంది. అనుమానం తీరాలంటే రాత్రంతా నిలిపి ఉంచి పొద్దున ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ డ్రెయిన్ బోల్టును మెల్లగా, పూర్తిగా ఊడకుండా వదులు చేయండి. నీరు ఆయిల్ కంటే బరువు. ఉంటే ముందు నీళ్లే వస్తాయి.

ఇప్పుడు అసలు జబ్బుల గురించి మాట్లాడుకుందాం. సిలిండర్‌లోకి నీళ్లు పోవాలంటే గాస్కెట్ ఒక్కటే దారి కాదు. హెడ్‌లో వాల్వుల మధ్య సన్నటి పగులు రావచ్చు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కూర్చునే రాగి స్లీవ్ కొన్ని ఇంజన్లలో నీళ్లలో ఉంటుంది, అది వదులై కారవచ్చు. కొన్నిటిలో దీన్ని హెడ్ దింపకుండానే సరిచేయవచ్చు, అందుకే ముందు దీన్ని చూడమంటాను. వెట్ లైనర్ ఉన్న ఇంజన్లలో లైనర్‌కే చిల్లు పడవచ్చు. ఈ చిల్లు సంగతి కాస్త వివరంగా చెబుతాను, చాలామందికి తెలియదు.

లైనర్ అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే గొట్టం. వెట్ లైనర్ అంటే బయటి వైపు నేరుగా నీళ్లు తగిలే లైనర్. లోపల డీజిల్ మండిన ప్రతిసారీ, పిస్టన్ పక్కకు తట్టిన ప్రతిసారీ లైనర్ గోడ సన్నగా వణుకుతుంది. వణికినప్పుడు నీళ్లలో సూక్ష్మమైన బుడగలు పుట్టి, మరుక్షణం గోడకు ఆనుకునే పగిలిపోతాయి. పగిలేటప్పుడు ఆ చోట ఇనుమును గిల్లేస్తాయి. లక్షల సార్లు, కోట్ల సార్లు. పాత లైనర్‌ను బయటికి తీసి చూడండి, ఒక పక్క సూదితో పొడిచినట్టు గుంటలు వరుసగా ఉంటాయి. అందులో ఒక్కటి ఆరపార అయితే చాలు. సరైన కూలెంట్‌లో ఉండే రసాయనాలు లైనర్ మీద పల్చటి పొరలా ఏర్పడి ఈ దెబ్బను ఆపుతాయి. బోరు నీళ్లలో అవి లేవు. అదనంగా ఏముంది? సున్నం ఉంది. మన బోరు నీళ్లు ఎంత కఠినమో ఇంట్లో గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ సున్నం హెడ్ లోపలి దారుల్లో పేరుకుంటుంది, వేడి బయటికి పోదు, హెడ్ వంగుతుంది, అప్పుడు గాస్కెట్ నిజంగానే పోతుంది. కూలెంట్ ఖర్చు అనుకునే యజమానులు ఈ వరుసను ఒకసారి మనసులో పెట్టుకోండి. కూలెంట్ దొరకని రోజున కనీసం బోరు నీళ్లు మాని డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఒక్క జాగ్రత్త. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. తీసిన కూలెంట్‌ను పళ్లెంలో వదిలేయకండి, పిల్లలు, కుక్కలు నోరు పెడతాయి.

సిలిండర్‌లోకి నీళ్లు పోతున్న బండిని ఎందుకు నడపకూడదు? ఇది డ్రైవర్ అన్నలు మరీ మరీ గుర్తుంచుకోవాలి. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సాయంత్రం వేడి మీద, ఒత్తిడి మీద బండి ఆపారు. రాత్రంతా చుక్క చుక్కగా నీళ్లు ఒక సిలిండర్‌లోకి దిగాయి. పిస్టన్ మీద నిలిచాయి. పొద్దున సెల్ఫ్ కొట్టారు. పిస్టన్ పైకి వచ్చి నీళ్లకు తగిలి ఆగుతుంది. 'టక్' మని ఒక్క శబ్దం, ఇంజన్ కదలదు. బ్యాటరీ డౌన్ అయిందనుకుని మళ్లీ కొడతారు. లేదా ఇంకో బండికి తాడు కట్టి లాగుతారు. అంతే, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒక్కోసారి విరిగి బ్లాకుకు చిల్లు పెడుతుంది. గాస్కెట్‌తో పోయే పని ఇంజన్ మార్చేదాకా పోతుంది.

కాబట్టి నీళ్లు తగ్గుతున్న బండి పొద్దున సెల్ఫ్‌కు గట్టిగా తగిలి ఆగితే, రెండోసారి కొట్టవద్దు, నెట్టవద్దు, లాగవద్దు. మెకానిక్‌ను పిలిచి ఇంజెక్టర్లు విప్పించండి. తరువాత ఇంజన్‌ను మెల్లగా తిప్పితే నీళ్లున్న సిలిండర్ నుంచి చిమ్ముతాయి. ఏ సిలిండరో కూడా అప్పుడే తెలిసిపోతుంది. తిప్పేటప్పుడు ఆ రంధ్రాల మీదికి ముఖం పెట్టకండి.

తమ్ముళ్లూ, ఇదే పద్ధతిని పరీక్షగా కూడా వాడవచ్చు. సాయంత్రం రేడియేటర్‌కు ఒత్తిడి మీటరు ఉన్న చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి మాత్రమే పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ముల్లు దిగిందా చూడండి. దిగితే, బయట తడి లేకపోతే, ఇంజెక్టర్లు తీసి తిప్పి చూడండి. హెడ్ దింపాక పిస్టన్ల పైభాగం చూడండి. అన్నీ మసితో నల్లగా ఉండి ఒక్కటి మాత్రం ఆవిరితో తోమినట్టు తెల్లగా మెరుస్తుంటే నీళ్లు పోయింది అక్కడికే. హెడ్‌ను ఫేసింగ్‌కు పంపే ముందు వేడి నీళ్లలో ముంచి గాలి పెట్టి పరీక్ష చేయమని లేత్ వాళ్లను అడగండి. పగులు ఉన్న హెడ్‌కు ఎంత మంచి గాస్కెట్ వేసినా ఆగదు. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, కంపెనీ చెప్పిన వరుసలో, ఎంత బిగువు పడిందో చూపే టార్క్ రెంచితోనే బిగించండి. చేతి అంచనాతో వద్దు.

కాలని డీజిల్ తెల్ల పొగ గురించి చెప్పి ముగిస్తాను. కళ్లు మండే పొగ అని చెప్పాను కదా. దానికి కారణాలు వేరు. ఇంజెక్టర్ మొన, అంటే నాజిల్, సరిగ్గా చిమ్మకపోవడం, సిలిండర్‌లో గాలి నొక్కుడు, అంటే కంప్రెషన్, తగ్గడం, డీజిల్ పంపు టైమింగ్ తప్పడం, డీజిల్‌లో నీళ్లు కలవడం. చివరిది తేలిక. ఫిల్టర్ కింద నీటి గిన్నె ఉంటే దాని స్క్రూ వదిలి గాజు సీసాలో పట్టండి. కాసేపు ఆగితే నీళ్లు అడుగుకు దిగుతాయి. వానాకాలం సగం ఖాళీ ట్యాంకుతో నిలబడే బండికి ఇది మామూలే. నాజిల్ అనుమానం ఉంటే, పాత మెకానికల్ పంపు బండ్లలో స్లోలో తిరుగుతుండగా ఒక్కొక్క పైపు నట్టు వదులు చేసి చూస్తాం. ఏది వదిలినప్పుడు ఇంజన్ శబ్దం మారకుండా పొగ తగ్గుతుందో ఆ సిలిండర్‌దే తప్పు. కానీ ఒక్క మాట. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ బండిలో ఈ పని చేయనే చేయకండి. అందులో ఒత్తిడి వెయ్యి బార్ కూడా దాటుతుంది, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి తీసేయవలసి రావచ్చు.

కంప్రెషన్ బాగుండి, నాజిల్స్ బాగుండి, పొగ మాత్రం పొద్దున పది గంటల దాకా తగ్గకపోతే ఏం చూడాలి? థర్మోస్టాట్. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్ అది. మన దగ్గర ఎండాకాలం బండి వేడెక్కితే మొదట చేసే పని, థర్మోస్టాట్ తీసి పారేయడం. ఏప్రిల్‌లో తీసేస్తారు, మళ్లీ వేయరు. డిసెంబరు వస్తుంది. 80 డిగ్రీల దగ్గర నడవవలసిన ఇంజన్ చలిలో అంతకు చాలా కిందే నడుస్తుంది. డీజిల్ పూర్తిగా కాలదు, తెల్ల పొగ, సైలెన్సర్‌లో నీళ్లు, ఆయిల్‌లో తేమ, మైలేజీ తక్కువ, లైనర్లు త్వరగా అరగడం. ఇన్ని కష్టాలూ ఒక చిన్న వాల్వ్ లేకపోవడం వల్ల. పైగా కొన్ని ఇంజన్లలో అది లేకపోతే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా పక్కదారిలో తిరిగి బండి ఇంకా వేడెక్కుతుంది. వేడెక్కడానికి కారణం రేడియేటర్‌లో పేరుకున్న సున్నం అయితే దాన్ని కడిగించండి, థర్మోస్టాట్‌ను శిక్షించకండి. కొత్తది వేసే ముందు గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేసి చూడండి, తెరుచుకుంటే మంచిది.

బీఎస్ 4 అనే పొగ నిబంధనల ప్రకారం తయారైన బండ్లు ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇందాక అడిగారు. వాటిలో ఈజీఆర్, అంటే కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు, ఉన్నవాటికి ఒక కూలర్ ఉంటుంది, పొగను చల్లబరచడానికి అందులో ఇంజన్ నీళ్లే తిరుగుతాయి. అది లోపల పగిలితే నీళ్లు నేరుగా పొగలోకే పోతాయి. హెడ్ గాస్కెట్ పోయిన గుర్తులు చాలావరకు కనిపిస్తాయి. నీళ్లు తగ్గుతున్నాయి, బయట తడి లేదు, బుడగలు మాత్రం సరిగ్గా తేలడం లేదు అంటే, హెడ్ ముట్టుకునే ముందు ఆ కూలర్‌ను విప్పి ఒత్తిడి పెట్టి చూడండి.

బయట ఆవరణలో ఒక పాత ఆరు సిలిండర్ల బండి ఉంది. నిన్న సాయంత్రం నుంచి స్టార్ట్ చేయలేదు. అందరూ రండి, బెల్టు తీసి బుడగల పరీక్ష చేసి చూపిస్తాను, సైలెన్సర్ దగ్గర మూడు రకాల పొగల తేడా కూడా మాట్లాడుకుందాం. ప్రశ్నలు అక్కడే అడగండి. రేడియేటర్ మూత మాత్రం నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు.